మంచుసీమలో నీరుగంటి

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిండని మన సంఘమువారు కోరినప్పుడు మేము మిక్కిలి సంకోచించితిమి. మన పూర్వులు ఈ సీమకు వచ్చి స్థిరపడిన వృత్తాంతమును, మన యిండ్లలో నిలిచియున్న పాటలను, పలుకుబళ్ళను గూర్చి వ్రాయదగిన పెద్దలు మనలో పలువురు కలరు. మేమో, 1975లో హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, ఒక చిన్న పట్టణపు నీటి సరఫరా కచ్చేరీలో గుమాస్తాగా చేరి, 2016లో గుమాస్తాగనే విరమించినవారము. మా సేవాకాలమున అధికభాగము నీటిమట్టముల రిజిస్టరు వ్రాయుటతోనే గడచినది. కావున మాకు తెలిసిన నీటి లెక్కనే వ్రాసెదము. ఆ నీరు మాత్రము మన చెరువులది కాదు. అమెరికాదేశమున ఒహాయో రాష్ట్రములో, కొలంబస్ నగర శివారున, మా కుమారుని యింటి పెరటికొలనిది. 2022 అక్టోబరు మొదలు 2023 మార్చి వరకు మేమును మా గృహిణియు అచట నుంటిమి.

కథకు ముందు ఒక మాట. మా తాతగారి యూరి చెరువునకు ఒక నీరుగంటి యుండెడివాడు. ఈ మాట నేటి పిల్లలకు తెలియదు. తూము తెరచుట, మూయుట, ఏ మడికెంత నీరు పోవలెనో విడుచుట, వానకాలమున కట్టకు గండి పడకుండ రాత్రులు కావలి కాయుట అతని పని. అందుకై కోతలకు అతనికి కళ్ళములో ధాన్యము కొలిచెడివారు. మేము చిన్నతనమున అతని వెంట తిరిగెడివారము. అతడు చెరువు నిండినదా లేదా యని చెరువు వంక చూడడు. తూము ప్రక్కన పాతిన గీతల రాతి వంక చూచును. "నీళ్ళ మొగం సూస్తే ఏం తెలుస్తాది అబ్బయ్యా, రాయిని సూడాల" అనెడివాడు. తరువాత మేము కచ్చేరీలో నేర్చిన పనియు ఇంతకంటె ఎక్కువ కాదు.

ఇక కొలను సంగతి. 2020 వేసవిలో, మహమ్మారి మూలమున జనులెల్లరు ఇండ్లలో మూతవడియున్న కాలమున, మా కుమారుడు దానిని తన చేతులతోనే త్రవ్వెను. పొడవు 10 అడుగులు, వెడల్పు 8 అడుగులు, నడుమ లోతు 32 అంగుళములు. అంచుల వెంబడి లోపల రెండు మెట్లు. అడుగున మందపు రబ్బరు పరచి, దాని అంచులను పైకి తెచ్చి రాళ్ళ క్రింద దాచెను. ఒక ప్రక్కన మట్టిదిబ్బ పోసి, దానిపై మూడంతరములుగా పలకరాళ్ళు పేర్చెను. కొలను అడుగున నుంచిన పంపు నీటిని తోడి గొట్టము ద్వారా దిబ్బ శిఖరమునకు ఎక్కించును. ఆ నీరు రాళ్ళమీదుగా దుమికి మరల కొలనునే చేరును. నాలుగడుగుల జలపాతము. రాత్రివేళ కిటికీ ప్రక్కన పరుండి వినినచో హొగెనకల్ జ్ఞాపకము వచ్చుచున్నదని మా గృహిణి యనెను. కన్నతల్లి గావున అట్లనినదని మేము ఊరకుంటిమి.

పంపు గంటకు 2,000 గాలనులు తోడును. వారి గాలను మన లెక్కలో 3 లీటర్ల 785 మిల్లీలీటర్లు. కొలనిలో నున్నది సుమారు 1,200 గాలనులు. అనగా కొలనిలోని నీరంతయు నలుబది నిమిషములు గడువకముందే ఒక తడవ దిబ్బ నెక్కి దిగును. ఇంకొక లెక్కయు కట్టితిమి. పైభాగమున కొలను వైశాల్యము 80 చదరపుటడుగులు గనుక, ఒక్క అంగుళము నీరు ఇంచుమించు 50 గాలనులకు సమానము. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొన వేడెదము. ముందు దీనితో పని యున్నది.

ఆ కొలనిలో ఏడు చేపలు. కోయి యను జాతివి. జపానుదేశమున నిగాతా ప్రాంతపు కొండపల్లెలలో, వరిమళ్ళకు నీరిచ్చు చెరువులలో పెంచిన కూరచేపల నుండి రంగులవాటిని ఏరి ఏరి తీర్చిన జాతి యిది. మా మనుమరాలికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆ ఆకురాలు కాలమున ఆమెయు అవ్వయు కలిసి పోపులపెట్టె ముందు పెట్టుకొని చేపలకు పేర్లు పెట్టిరి. పసుపు, కుంకుమ, మిరియము, బెల్లము, ఇంగువ, ఉప్పు. అన్నింటికంటె చిన్నదియు ఒడలెల్ల నల్లచుక్కలు గలదియు ఆవాలు.

మొదటి రెండు చలికాలములందును మా కుమారుడు నవంబరు కాగానే జలపాతము నాపి, గొట్టములోని నీరు దించి, పంపును గరాజులో పెట్టి, కొలనిపై ఒక చిన్న తేలుడు హీటరు విడిచెడివాడట. మంచు మూతలో చేటంత రంధ్రము మూసికొనిపోకుండ అది కాపాడును. 2022లో పిల్ల పట్టుపట్టినది: నీళ్ళ చప్పుడు లేనిదే తనకు నిద్ర రాదనినది. చలికాలమంతయు జలపాతమును నడుపువారును ఆ దేశమున పలువురు కలరని మా కుమారుడు చదివి, ఈ తడవ నడిపి చూతమనెను.

ఇందులో రెండు పక్షములు కలవు. నీటికొక విచిత్రగుణమున్నది. చల్లబడుకొలది బరువెక్కుచు, 4 డిగ్రీల సెంటీగ్రేడు కడ మిక్కిలి బరువై, అంతకంటె చల్లబడినచో మరల తేలికయగును. అందుచేత మంచు పైన తేలును. నాలుగు డిగ్రీల నీరు అడుగున నిలుచును. చేపలు ఆ అడుగు పొరలో కదలక మెదలక చలికాలము గడుపును. జలపాతమును నడుపుటయనగా ఆ అడుగు నీటిని తోడి చలిగాలికి ఆరబోసి మరల క్రిందికి పంపుట. ఇది వద్దనువారి వాదము. నడుపుమనువారు చెప్పునది వేరు: నీరు దుమికెడిచోట మంచు మూత పడదు, అడుగున ఆకులు క్రుళ్ళి పుట్టిన చెడువాయువులు ఆ దారిన వెడలిపోవును, మంచి గాలి లోనికి చేరును. చల్లని నీటిలో ప్రాణవాయువు అధికముగా కరగును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు 9 మిల్లీగ్రాములైనచో 0 డిగ్రీలకడ 14 మిల్లీగ్రాములకు పైగా. మేము ఇరుపక్షముల వాదమును విని, కచ్చేరీ అలవాటు చొప్పున, అభిప్రాయ మీయకుంటిమి.

చలిని గూర్చి మనవారికొక కొలత చెప్పవలెను. బెంగుళూరులో ఇంతవరకు నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884 జనవరి నాటి మాట. ఆ పాటి చలి ఒహాయోలో నవంబరు నాటి పగటి యెండ. అక్కడివారు ఫారన్‌హీట్ లెక్క వాడుదురు. అందులో 32 మన సున్న. 50 మన 10. నీరు 50కి దిగువకు దిగినచో కోయి చేపలకు మేత వేయరాదు. వాని జీర్ణశక్తి ఉడిగిపోవును; తిన్నది కడుపులోనే చెడును. ఇది మా గృహిణికి ఎంతమాత్రము సమ్మతము కాలేదు. ఇంటనున్న ప్రాణికి నాలుగు నెలలు పస్తా? ఆమె పుట్టినయూరి కోనేటిలో చేపలకు బొరుగులు వేయనిదే గుడిలో అడుగు పెట్టినది కాదు. ఒకనాటి ఉదయమున మన దినుసుల అంగడిలో కొన్న బొరుగుల పొట్లమును కొంగుచాటున పెట్టుకొని పెరటిలోనికి పోవుచుండగా మనుమరాలు పట్టుకొన్నది. "అవ్వా, యాబై దాటాలి" అనినది. అవ్వ థర్మామీటరును చూచినది, 41. పొట్లము మరల అలమరలోనికి పోయినది.

డిసెంబరు మధ్యమున మా కుమారుడు కచ్చేరీ పనిమీద పశ్చిమతీరమునకు పోవలసివచ్చెను. పోవుచు మా కొక కాగితము వ్రాసి యిచ్చెను. అయిదవ తరగతి వరకే తెలుగు చదివినవాడు గనుక అక్షరములు నాటివే, గుండ్రముగా, పెద్దవిగా నుండెను. మంచును సుత్తితో కొట్టరాదు. ఆ అదురు నీటిలో పాకి చేపలకు హాని చేయును. రంధ్రము మూసికొనినచో వేడినీటి గిన్నెను మంచుపై నుంచి కరిగింపవలెను. కుళాయినీరు నేరుగా పోయరాదు. అందులోని క్లోరినును విరుచు మందు కలుపవలెను. ఇట్టి వెనిమిది సూత్రములు. మొదటిది రెండు గీతలు గీసి వ్రాసినది: "ఏం జరిగినా పంపు ఆపొద్దు నాయనా. ఆపితే పైపులో నీళ్ళు గడ్డకట్టి పైపు పగిలిపోతుంది."

మేము ఆ కాగితమును తలుపునకు అంటించి, ఒక నోటుపుస్తకమును రిజిస్టరుగా గీచితిమి. తేదీ, వేళ, గాలి, నీరు, మట్టము, విశేషములు. జలపాతము పడు చోట, మంచు మూయని నీటిలో, అంగుళముల గీతలు గల కర్ర నొకదానిని రాతికి కట్టి నిలిపితిమి. నిండుమట్టము 32. ఉదయమొకసారి, రాత్రి యొకసారి చూచుట. మనుమరాలికి తెలుగు మాటలాడ వచ్చును గాని వ్రాయ రాదు. ఆ పుస్తకపు గడిపై "మట్టము" అని తానే వ్రాసెదనని మమ్మడిగి, 'ట్ట'కు రెండు పేజీలు పాడుచేసి, మూడవ పేజీలో వ్రాసినది. ఆమె వ్రాసిన మొదటి తెలుగుమాట అదే.

మొదటి వారమున విశేషముల గడి యంతయు ఖాళీ. మట్టము 32, 32, 31¾. ఆరిపోయిన పావు అంగుళమును బకెట్లతో పూరించితిమి. పెరటి కుళాయి లోపలి గొట్టము చలికి పగులునని నవంబరులోనే కట్టివేసియుండిరి గనుక నీరు వంటయింటి నుండియే మోయవలెను.

జలపాతము అందమును మాత్రము వర్ణింపక తప్పదు. రాళ్ళమీది తుంపరలు గడ్డకట్టి, దానిపై మరల తుంపరలు పడి, దినదినమును మంచు పొరలు పెరిగినవి. పదిదినములకు నీరు బయటికి కనబడుట మానినది. రాళ్ళపై గాజుతో కట్టిన గూడువలె మంచు ఏర్పడగా, నీరు దాని లోపల పారుచు, గాజువెనుక నీడవలె కదలుచుండెను. ధ్వనియు మారినది, కుండలో పోసిన నీటి చప్పుడువలె లోతుగా వినవచ్చెను. ఇరుగుపొరుగువారు కంచె దాటి వచ్చి ఫోటోలు తీసికొనిపోయిరి. మేమును గర్వపడితిమి, పంపు నాపకుండుట తప్ప మేము చేసినది ఏమియు లేకున్నను.

డిసెంబరు 22 రాత్రి. ఆ దేశమున తూర్పు సగమును ముంచెత్తిన మంచుతుఫాను అది. సాయంత్రము వరకు నేల తడిగానే యుండెను. అర్ధరాత్రి దాటిన పిదప గాలి తిరిగి, తెల్లవారునప్పటికి ఫారన్‌హీట్ సున్నకు దిగువకు దిగెను. మన లెక్కలో మైనస్ 18. గాలి యిల్లు పట్టుకొని ఊపినది. కోడలు ఆసుపత్రిలో ఔషధవిభాగమున రాత్రి పనికి పోయి, దారులు మూతవడి అక్కడనే నిలిచిపోయెను. దేశమంతట వేలకొలది విమానములు రద్దయ్యెను. మా కుమారునిది అందులో నొకటి. ఇంట మేమిద్దరము, పిల్ల.

ఉదయము ఏడింటికి, ఉన్న బట్టలన్నియు తొడిగికొని పెరటిలోనికి పోయితిమి. కొలను ఎప్పటివలెనే యున్నది. మంచు మూత అంచులకు సమముగా, నునుపుగా నున్నది. జలపాతము పారుచున్నది, గాజుగూడు మరియొక జానెడు పెరిగి మునుపటికంటె శోభగా నున్నది. లోనికి వచ్చెదమనుకొని, అలవాటు చొప్పున కర్రను చూచితిమి.

26.

రాత్రి తొమ్మిదింటికి 31½. చూపు తప్పినదేమోయని కళ్ళద్దములు తుడిచి మరల చూచితిమి. 26. అప్పుడు మంచును కర్రతో మెల్లగా తట్టగా ఖాళీ కుండవలె మ్రోగెను. మంచు మూత రాళ్ళ అంచులను పట్టుకొని ఎక్కడిదక్కడనే వ్రేలాడుచున్నది. దాని క్రింద నీరు దిగిపోయినది. పైనుండి చూచువారికి కొలను నిండుగానే యున్నది.

లోనికి వచ్చి లెక్క వేసితిమి. పది గంటలలో 5½ అంగుళములు; 275 గాలనులు. రాత్రి తొలిభాగమున నీరు పోయియుండదు గనుక ఇప్పటి వేగము ఇంతకంటె ఎక్కువయే. ఎనిమిదింటికి మరల చూచితిమి: 25. గంటకు అంగుళము, అనగా 50 గాలనులు. పంపు తోడునది 2,000. అందులో నలుబదవ వంతు మాత్రమే దారితప్పి బయటికి పోవుచున్నది. ఆ వంతు కంటికి కనబడదు. కాని పంపు కొలను అడుగున నున్నది. క్రిందికి పోవుకొలది మెట్లవలన కొలను ఇరుకగును, మట్టము ఇంకను వేగముగా దిగును. మరునాటి వేకువకు ముందే పంపు కొలనంతయు తోడి దిబ్బవెనుక పారబోసి, తానును కాలిపోవును.

కుమారునకు ఫోను చేసితిమి. మ్రోగి మ్రోగి ఆగెను. అక్కడ ఇంకను వేకువ అయిదు గంటలు, రాత్రంతయు విమానాశ్రయమున నిలిచి అప్పుడే కన్ను మూసియుండెను. కోడలు పనిలో ఫోను దగ్గర నుంచుకొనదు. తలుపుపై కాగితమున్నది; రెండు గీతలు గీసిన వాక్యమున్నది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పవలసియున్నది. ఇది మేము మా పిల్లలకును చెప్పలేదు. 1989 వేసవిలో మా కచ్చేరీ అధీనమందలి ఎత్తుతొట్టి మట్టమును రాత్రి పదింటికొకసారి, వేకువ నాలుగింటికొకసారి వ్రాయుట మా పని. వాల్వులన్నియు మూసిన పిమ్మట మట్టము కదలరాదు. కాని దిగుచుండెను, ఒకనాడు మూడంగుళములు, మరునాడు నాలుగు, తరువాత ఏడు. ఎక్కడనో పెద్దగొట్టము నేలలో పగిలినదని అంకెలే చెప్పుచున్నవి. మేము "తగు చర్యకై సమర్పింపబడినది" అని వ్రాసి పైకి పంపితిమి. "చూచితిని" అని సంతకముతో తిరిగివచ్చెను. మరల పంపితిమి. పదకొండు దినములు ఇట్లు కాగితము తిరిగెను. వాల్వుమనిషిని పిలిచి త్రవ్వి చూడుమనుటకు మాకు అధికారము లేదు. ఉత్తరువు లేనిదే త్రవ్వరాదు. పండ్రెండవ రాత్రి ఆ గొట్టము ప్రక్కనున్న ఒక ముసలమ్మ యింటి మట్టిగోడ అడుగు నాని కూలినది. ఆమె తుంటియెముక విరిగినది, మరల నడువలేదు. విచారణలో మా రిజిస్టరు తెప్పించిరి. ఒక్క అంకె తప్పు లేదని మెచ్చుకొనిరి. ఆ వీధిన పోవలసిన పని పడినప్పుడెల్ల రెండేండ్లు మేము చుట్టుదారిన పోతిమి.

ఆ ఉదయమున వంటయింటిలో నిలుచుండగా ఈ సంగతి యంతయు గుర్తునకు వచ్చినదని చెప్పినచో అతిశయోక్తి యగును. ముసలమ్మ యింటి ముందరి వేపచెట్టు మాత్రము కనబడినది.

"ఏమండీ, ఆపేయండి" అని మా గృహిణి యనెను. ఆమె ఏ కాగితమును చదువలేదు.

ఎనిమిదిన్నరకు పెరటిగోడనున్న ప్లగ్గును పెరికితిమి. ధ్వని ఆగిపోయెను. రెండు నెలలుగా రాత్రింబవళ్ళు వినుచున్న చప్పుడది. అది ఆగిన క్షణమున గాలిహోరు మునుపటికంటె పెద్దదిగా వినబడెను. లోనికి వచ్చి రిజిస్టరున "23-12-2022, ఉదయము 8-30. మట్టము 24½. పంపు ఆపబడినది" అని వ్రాసితిమి. పిల్ల ప్రక్కన నిలిచి, వ్రాసినది చదివి వినిపింపుమని, విని, "ఎవరు ఆపినారని రాయవా తాతా?" అని యడిగెను. కొట్టివేసి "పంపును మేము ఆపితిమి" అని వ్రాసితిమి.

తొమ్మిదింటికి కర్ర 24½ చూపినది. పదింటికి 24½. ఎంతో కాలమునకు ఒక అంకె మాకట్టి ఆనందము నిచ్చినది.

ఇక రంధ్రమును కాపాడవలెను. జలపాతము లేనందున ఆ చోటు అరగంటలోనే పొరకట్ట నారంభించెను. మా గృహిణి పొయ్యిమీద నీరు మరగించుట, మేము గిన్నెను తువ్వాలలో చుట్టి కొనిపోయి మంచుపై నుంచుట, చల్లారిన గిన్నెను పిల్ల లోనికి తెచ్చుట. ఒకసారి మా వెంట వచ్చుచు మా గృహిణి దిబ్బ వెనుక జారి మంచులో కూర్చుండెను. దెబ్బ తగులలేదు, కాని ఆమె కూర్చున్నది మెత్తని మంచుపై కాదు, క్రింద పలకవలె పరచుకొన్న గట్టి గడ్డపై. పైమంచును తుడిచి చూడగా ఆ గడ్డ దిబ్బ మొదలుకొని కంచె వరకు ప్రాకియున్నది. కొలనిలోని నీరు పోయినది ఆ దారినే. గాలికి చెదరిన తుంపరలు రెండవ అంతరమున ఒక ప్రక్క చేరి, మోచేయి లావున మంచుగట్టు కట్టినవి. నీరు దానికి అడ్డుపడి పైకెగసి, రబ్బరు అంచును దాటి, మంచుపొర క్రింద దొంగవలె ప్రవహించినది. మన భాషలో చెప్పినచో మంచు తానే కట్టవేసి తానే మొరవ తీసినది.

పదిన్నరకు ఫోను మ్రోగెను. విషయమంతయు చెప్పితిమి. కుమారుడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత "పైపు పోతే పోనీ నాయనా. హీటరు గరాజులో పాత సైకిలు వెనకాల ఉంది" అనెను. ఈ రెండవ వాక్యమును కాగితమున తొమ్మిదవ సూత్రముగా వ్రాసియుండవలసినదని మా అభిప్రాయము. అప్పటికి పదునాలుగు గిన్నెలు మోసియుంటిమి. హీటరును రంధ్రమున విడిచి, అదే ప్లగ్గునకు తగిలించితిమి. ఆ రాత్రి రెండు గంటలకొకసారి లేచి లాంతరు దీపముతో చూచి వచ్చితిమి; పళ్ళెమంత నీరు నల్లగా, కదలక నిలిచియుండెను. పిల్లకు నిద్రపట్టలేదు. నీటి చప్పుడునకు బదులుగా అవ్వ రాత్రి చాలసేపు పాత కథలు చెప్పెను.

కోడలు 24 మధ్యాహ్నమునకును, కుమారుడు 25 రాత్రికిని వచ్చిరి. తగ్గిన నీటిని వెంటనే నింపుదమనిన మమ్ము అతడు వారించెను. మంచు మూతకును నీటికిని నడుమనున్న గాలిపొర దుప్పటివలె వెచ్చదనము కాచుననియు, వెలుపలి చలి తగ్గినపిదప పోయుదమనియు చెప్పెను. నాలుగు దినముల తరువాత బట్టలుతుకు గదిలోని కుళాయికి గొట్టము తగిలించి, మందు కలుపుచు, మెల్లగా ఒకటిన్నర దినము నింపితిమి. ఏడున్నర అంగుళములు. జలపాతమును ఆ చలికాలమున మరల నడుపలేదు.

ఫిబ్రవరి నెలాఖరునకే ఆ యేట మంచు కరగెను. గొట్టము సంగతి మా కుమారుడు వ్రాసినట్లే యైనది. దిబ్బపైని వంపులో నిలిచిన నీరు గడ్డకట్టి జానెడు పొడవున చీల్చినది. అతని సూత్రము తప్పు కాదు. చేపలు అడుగున మసకగా కనబడెను. పిల్ల కొలని అంచున బోర్లపడుకొని లెక్కించుచు పేర్లు చెప్పినది. ఆరు పేర్లు చెప్పి ఆగినది. ఆవాలు లేదు. రెండు దినములకు రెండవ మెట్టుపై ఆకుల నడుమ దొరకినది. నీరు దిగిన రాత్రి ఆ మెట్టు మీదనే చిక్కుకొన్నదో, చలికే తాళలేదో. చిన్న చేపలకు చలికాలము కష్టమని మా కుమారుడు కూతునకు చెప్పెను. మేము మాత్రము ఆ రాత్రి పదకొండింటికొకసారి లేచి కర్ర చూచియుండిన బాగుండెడిది. రిజిస్టరున ఆవాల గడికి ఎదురుగా ఏమి వ్రాయవలెనో తోచక తేదీ మాత్రము వేసితిమి. పిల్ల దానిని గులాబిపొద క్రింద పూడ్చి, దానిపై ఒక పలకరాయి పెట్టినది.

మేము మార్చి నెలాఖరున తిరిగివచ్చితిమి. తరువాత మా కుమారుడు పంపును కొలను అడుగు నుండి తీసి, నీటిలో బోర్లించిన ప్లాస్టిక్ పెట్టెపై నిలిపెను. అందువలన రెండు లాభములు: అడుగునున్న వెచ్చని నీరు కదలదు, ఒకవేళ ఎక్కడనైన కారినను పంపు పైయడుగు నీటిని మాత్రమే తోడగలదు, చేపలకు తగిన నీరు మిగులును. రబ్బరు అంచును రెండవ అంతరమున జానెడు పైకి లేపెను. గొట్టమున వంపు లేకుండ సరిచేసి, పంపు ఆపగానే నీరంతయు కొలనిలోనికి జారునట్లు చేసెను. ఇప్పుడు కాగితమున మొదటి సూత్రము మారినది: మట్టము 28కి దిగినచో ఎవరైనను, ఎవరిని అడుగకుండ, పంపు ఆపవచ్చును. కర్ర అక్కడనే యున్నది.

ప్రతి ఆదివారము ఫోనులో మనుమరాలు మట్టము చెప్పును. "తాతా, ముప్పైరెండు" అనును. మేము ఇక్కడ ఒక పుస్తకమున వ్రాసికొందుము. చేపలు మరల ఏడైనవి. క్రొత్తదానికి పేరు పెట్టుట అవ్వ వంతు వచ్చెను. జీలకర్ర యని పెట్టినది. మట్టము చెప్పి ముగించిన పిదప ఫోను అవ్వ చేతికి పోవును. ఆమె యడుగునది ఎప్పుడును ఒక్కటే.

"యాబై దాటిందా?"